ఫ్రీ గేమ్‌లో షావుకారి తూకం



సెలవులకు ఊరికెళ్తే పెద్దోళ్లదీ అదే మాట, హాస్టల్‌కొస్తే వార్డెన్ సార్‌దీ అదే మాట: "మీ ఏజెన్సీ పిల్లలు ఫోన్లో గేమ్‌లాడి పాడైపోతున్నారు." విని విని విసుగొచ్చింది. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

అవును, మేము ఆడతాం. దాచేదేం లేదు. రాత్రి అన్నం తిన్నాక ఒక్కో గదిలో ఎనిమిది మందిమి. బయట గ్రౌండ్ ఉంటే లైటు లేదు, లైటు ఉంటే గ్రౌండ్ లేదు. ఇక చేతిలో ఉన్నది ఫోనే. పాక్‌మాన్, టెట్రిస్, స్పేస్ ఇన్వేడర్స్, పాము ఆట. రూపాయి కట్టక్కర్లేదు, పగిలిన పాత ఫోన్లో కూడా నడుస్తాయి. పొద్దంతా ఇంగ్లీష్ మీడియం క్లాసులో సగం అర్థమై, సగం అర్థం కాక కూర్చున్న బుర్రకి ఒక అరగంట ఆట కావాలి. పట్నం పిల్లాడు ఆడితే రిలాక్స్ అంట, మేము ఆడితే పాడైపోవడమంట. ఇదెక్కడి న్యాయం?

ఆటతో మాకు పేచీ లేదు. మా పేచీ అంతా ఆ "ఫ్రీ" అనే మాటతోనే.

కొంచెం వెనక్కెళ్దాం. స్పేస్ ఇన్వేడర్స్ 1978లో, పాక్‌మాన్ 1980లో జపాన్‌లో పుట్టాయి. అప్పుడు ఇవి షాపుల్లో నిలబెట్టిన పెద్ద పెట్టెలు. అక్కడ 100 యెన్ల నాణెం, అమెరికాలో 25 సెంట్ల నాణెం వేస్తేనే ఆట. మొదట్లో తేలిగ్గా ఉంటది, పోనుపోను కష్టమైతది. ఎందుకంటే మనం ఓడితేనే ఇంకో నాణెం పడేది. అదీ వ్యాపారమే, కాదనం. కానీ జేబులో నాణేలు అయిపోతే ఆట అయిపోయేది. ఎంత పోయిందో ఆడినోడికి లెక్క తెలిసేది.

ఇప్పుడు అదే ఆట ఫోన్లో ఫ్రీ అంటున్నారు. ఓడిపోగానే "ఇంకో లైఫ్ కావాలా? వీడియో చూడు" అంటది. 30 సెకన్లు చూడాలి. మళ్లీ ఓడితే మళ్లీ వీడియో. నాణెం వేసే కన్నం ఎక్కడికీ పోలేదు, మనకు కనబడకుండా పెట్టారంతే. పాక్‌మాన్ పెట్టెలో ఉన్న ప్రోగ్రామ్ మొత్తం 16 కేబీ. మనం పొద్దున్నే పంపుకునే గుడ్ మార్నింగ్ ఫొటో దానికంటే పెద్దది. అంత చిన్న ఆట కోసం ఒక్కో వీడియో యాడ్‌కి కొన్ని ఎంబీల డేటా పోతోంది. ఆట ఆవగింజంత, యాడ్ గుమ్మడికాయంత!

ఈ తూకం మనకు కొత్తదా? మీ తాతలను అడగండి. సంతలో షావుకారు ఉప్పు, పొగాకు చేతిలో పెట్టి చింతపండు, తేనె, అడ్డాకులు మూటగట్టుకుని పోయేవాడు. ఇచ్చింది కళ్లకు కనిపించేది, పట్టుకుపోయింది తూకంలో మాయమయ్యేది. ఆ దళారుల దోపిడీ నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, పెట్టాల్సి వచ్చింది. ఇవాళ షావుకారు సంతదాకా రానక్కర్లేదు, ఫోన్లోంచే వస్తున్నాడు. మన టైం, మన డేటా, మనం ఎక్కడున్నామో ఆ వివరం, అన్నీ పట్టుకుపోతున్నాడు. పాము ఆటకి మన కాంటాక్ట్ లిస్టుతో ఏం పని?

మా హాస్టల్ తమ్ముడొకడి సంగతి చెప్తాం. వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు, కొండెక్కితే రెండు గీతలొస్తాయి. ఇంటికంతా ఒకటే ఫోను, రోజుకు 1.5 జీబీ ప్యాక్. పొద్దున చెల్లి ఆ కొండమీదే మేకలు కాస్తూ గేమ్ ఆడింది, యాడ్ మీద యాడ్. సాయంత్రం వీడు స్కాలర్‌షిప్ రెన్యూవల్‌కి సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేద్దామని కొండెక్కితే డేటా అయిపోయి నెట్ నత్తనడక. ఆ రోజే లాస్ట్ డేట్. మర్నాడు తొలి బస్సుకి నెట్ సెంటర్‌కెళ్తే సైట్ మూసేసి ఉంది. ఇంట్లో అందరూ ఆ పిల్లనే తిట్టారు. దానికి తొమ్మిదేళ్లు. చెప్పండి, తిట్టాల్సింది దాన్నేనా?

అంతటితో అయిపోలేదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమే చట్టం తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి యాడ్లను కూడా నిషేధించింది. అయినా "ఆడి గెలవండి", "ఆధార్ ఉంటే చాలు, ఐదు నిమిషాల్లో లోన్" అనే యాడ్లు మా ఫోన్లలో కనబడుతూనే ఉన్నాయి, అదీ చిన్నపిల్లల ఆట అనుకుని తెరిచిన చోట. మెస్ బిల్లుకని దాచుకున్న డబ్బు ఆ లింకులో పోతే అడిగే దిక్కెవరు?

"మరి ఆట చేసినోడు బతకొద్దా?" అంటారు కొందరు. బతకాలి. ధర చెప్పి అమ్మమనండి. ఇరవై రూపాయలంటే నచ్చినోళ్లం కొనుక్కుంటాం. ఫ్రీ అని పిలిచి జేబులో చెయ్యి పెట్టొద్దంటున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆట మానమని మేము చెప్పం. డేటా ఆపి ఆడండి. పాత ఆటల్లో చాలావాటికి నెట్‌తో పనే లేదు. క్రోమ్‌లో సిగ్నల్ లేనప్పుడు వచ్చే డైనోసార్ ఉంది చూడండి, మన ఊళ్ల కోసమే చేసినట్టుంటది, ఒక్క యాడ్ రాదు. ఎఫ్-డ్రాయిడ్‌లో దొరికే ఆటల కోడ్ ఎవరైనా చూడొచ్చు, యాడ్లున్న యాప్ అయితే ముందే చెప్తది. ఏ ఆటైనా కాంటాక్ట్స్, లొకేషన్ అడిగితే వద్దని నొక్కండి. ఇంట్లో చిన్నోళ్లకు ఫోన్ ఇచ్చేముందు డేటా ఆపి ఇవ్వండి.

వార్డెన్ సార్లకు, ఐటీడీఏ అధికారులకు ఒక మాట. ఫోన్లు గుంజుకుని బీరువాలో పెడితే సమస్య తీరదు. గ్రౌండ్‌లో లైటు వేయించండి, వాలీబాల్ నెట్ కట్టించండి, కంప్యూటర్ ల్యాబ్ తాళం తీయించండి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ రాసిన కంప్యూటర్‌కి బొమ్మలు చూపించడమే రాదు. ఆయన బ్రాకెట్ గుర్తులతోనే ముక్కలు పేర్చాడు. మన ల్యాబ్‌లో దుమ్ము పట్టిన కంప్యూటర్ దానికంటే ఎన్నో రెట్లు మేలు. రేపు మన పిల్లే ఒకతి కోయలోనో, గోండిలోనో, సవరలోనో మాట్లాడే ఆట రాయొద్దా? ఎలుగుబంటికి దొరక్కుండా ఇప్పపూలు ఏరుకుని ఇల్లు చేరే ఆట. పాక్‌మాన్ కంటే ఏం తక్కువ?

అప్పటిదాకా ఆడదాం, కానీ తూకం చూసుకుని ఆడదాం. తాతలు ఒకసారి మోసపోయారు, మనం మళ్లీ మోసపోవద్దు.

జై ఆదివాసీ!