లాగ్ చదవని చదువు

క్లౌడ్ సర్వరు నేడు గ్రామీణ విద్యార్థికి అందని వస్తువు కాదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులోనే తన కేంద్రాలను ప్రారంభించింది. నూజెండ్లలో కూర్చున్న విద్యార్థి కూడా అక్కడి సర్వరును కొద్ది నిమిషాలలో అద్దెకు తీసుకొనవచ్చును. సౌకర్యం పెరిగింది. దానికి తగిన అభ్యాసం మన తరగతి గదులలో పెరిగిందా? పెరగలేదనే నా అభిప్రాయం.

కొత్త సర్వరు మొదటిసారి మేల్కొన్నప్పుడు చేయవలసిన పనులను వరుసగా వ్రాసి ముందే అప్పగించే ఆదేశపత్రమే స్టార్టప్ స్క్రిప్టు. లినక్స్ సర్వర్లలో దీనిని సాధారణంగా క్లౌడ్-ఇనిట్ అనే ప్రోగ్రాము అమలు జరుపుతుంది. చిక్కేమిటంటే, తెరపై సర్వరు ‘నడుస్తున్నది’ అనే కనబడుతుంది. స్క్రిప్టు మాత్రం మధ్యలోనే విఫలమై ఉండవచ్చును. మోటారు శబ్దం వినబడినంత మాత్రాన మిర్చితోట చివరి సాలుకు నీరు చేరినట్లు కాదని పల్నాటి రైతుబిడ్డకు వేరే చెప్పనక్కరలేదు.

అప్పుడు మన విద్యార్థి చేసేదేమి? ఆ సర్వరును తొలగించి, మరొకటి సృష్టించి, అదే స్క్రిప్టును మళ్ళీ అతికిస్తాడు. తొలగించడం మరచిన సర్వరుకు అద్దె పెరుగుతూనే ఉంటుంది. ఇది పరిశోధన కాదు, పాచికలాట.

నిజానికి ఏమి జరిగిందో యంత్రమే వ్రాసి ఉంచుతుంది. క్లౌడ్-ఇనిట్-అవుట్‌పుట్ అనే లాగ్ ఫైలును తెరచి, మొట్టమొదటి దోషం ఎక్కడున్నదో వెదకాలి. తరువాతి దోషాలలో పెక్కు దాని సంతానమే. కారణాలు తరచు సామాన్యమైనవి. ఏ షెల్ చదవాలో తెలిపే మొదటి పంక్తి లేకపోవచ్చు. విండోసులో వ్రాసిన ఫైలులో పంక్తుల చివర కంటికి కనబడని గుర్తు మిగిలిపోవచ్చు. ‘అవునా, కాదా’ అని అడిగే ఆదేశానికి జవాబిచ్చే మనిషి అక్కడ ఉండడు. స్క్రిప్టును నడిపేది రూట్ యూజరు గనుక, మన ఖాతాలో పనిచేసిన దారులు అక్కడ పనిచేయకపోవచ్చు. అన్నింటికంటె ముఖ్యంగా, ఇట్టి స్క్రిప్టు మామూలుగా మొదటి బూట్‌లో మాత్రమే నడుస్తుంది. దిద్ది రీస్టార్ట్ చేసినంతనే మళ్ళీ నడవదు. ఈ ఒక్క విషయం తెలియక దినమంతా వ్యర్థం చేసుకొనేవారు కలరు.

కృత్రిమ మేధను అడిగితే చాలును కదా అనేవారున్నారు. కాని లాగ్‌లోని ఏ పంక్తిని చూపి అడగాలో తెలియనివానికి వచ్చే సమాధానం కూడా ఊహే అవుతుంది. రేపు ఉద్యోగంలో అర్ధరాత్రి సర్వరు మొరాయించినప్పుడు కంఠస్థం చేసిన ఆదేశాలు ఆదుకొనవు. కారణం వెదికే అలవాటే ఆదుకొంటుంది.

కావున కళాశాల కమిటీ వారికి నా మనవి ఒక్కటే. ప్రయోగ పరీక్షలో సరిగా నడిచే స్క్రిప్టును అప్పచెప్పించుకొనడం మాని, లోపమున్న స్క్రిప్టునిచ్చి ‘కారణం కనుగొని వ్రాయుము’ అని అడగాలి. మార్కులలో సగం ఆ కారణానికే కేటాయించాలి. ఇందుకు అద్దె సర్వర్లే అక్కరలేదు. మల్టీపాస్ వంటి ఉచిత ప్రోగ్రాముతో, తగినంత మెమరీ ఉన్న ప్రయోగశాల కంప్యూటరులోనే క్లౌడ్-ఇనిట్ అభ్యాసం చేయించవచ్చును.

విద్యార్థులారా! స్క్రిప్టు విఫలమైతే సిగ్గుపడవద్దు. సర్వరును తొలగించే ముందు మాత్రం అది వ్రాసిపెట్టిన సాక్ష్యాన్ని ఒక్కసారి ఓపికతో చదవండి.