మోకాళ్ల నొప్పి తెలిసిన ట్రస్టీ

ఖర్చు తగ్గించాలనుకున్న నాట్య సంస్థలో మొదటి కత్తెర హాలు నేల మీదే పడుతుంది. సిమెంటు గచ్చు మీద వట్టి పాదాలతో గంటసేపు అడుగులు వేస్తే ఆ దెబ్బ మడమ నుంచి మోకాలికి, అక్కణ్ణుంచి నడుముకి పాకుతుంది. కింద కాస్త ఖాళీ ఉంచి పరిచిన చెక్కనేల అయితే చాలావరకు తనే భరిస్తుంది. ఇది లెక్కల పుస్తకం చెప్పదు, ఒంటికి తెలియాలి. అలా తెలిసినవాళ్లు సంస్థను నడిపే బోర్డులో, అంటే ట్రస్టీల్లో, ఉండాలి. 1979లో నర్తకి తారా రాజ్‌కుమార్ లండన్‌లో స్థాపించిన ‘అకాడమీ’ లాంటి నాట్య సంస్థలున్న ఇంగ్లండ్‌లో, ట్రస్టీ పని మామూలుగా జీతం లేనిది. నియమం మంచిదే, సంస్థ సొమ్ము సొంత జేబుల్లోకి పోకుండా ఆపుతుంది. కానీ క్లాసులు చెబితేనే అద్దె కట్టగలిగే నర్తకి, సాయంత్రం పాఠం వదులుకుని మీటింగుకి ఎలా వస్తుంది? ఆడిటరూ లాయరూ వస్తారు, వాళ్లూ కావాలి. అయితే రాకపోకల ఖర్చూ, మీటింగు వేళ పిల్లల్ని చూసుకునే మనిషి ఖర్చూ ట్రస్టీకి ఇవ్వడానికి అక్కడ ఇలాంటి సంస్థలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ ఒప్పుకుంటుంది. ఆ వెసులుబాటు మొహమాటపడకుండా వాడండి. మీటింగు మధ్యాహ్నానికి మార్చండి. ఇంకా నాట్యం చేస్తున్నవాళ్లని ఇద్దరినైనా బోర్డులో కూర్చోబెట్టండి. ఒక్కరే అయితే అంతమంది పెద్దమనుషుల మధ్య నోరు పెగలదు.