లోపం తెలిసిన కారు



సరుకు అమ్మి సొమ్ము పుచ్చుకున్న తరువాత ఆ వర్తకుడే కొన్నవారిని వెతుక్కుంటూ వచ్చి, "నేనమ్మిన వస్తువులో లోపం ఉంది, వెనక్కి తీసుకురండి, ఉచితంగా సరిచేసి ఇస్తాను" అనడం మన సంతల్లో సాధారణంగా వినిపించే మాట కాదు. కార్ల వ్యాపారంలో మాత్రం ఇది నేడు తరచుగా జరుగుతోంది. దీనినే రీకాల్ అంటున్నారు. బ్రేకులకు, ఎయిర్‌బ్యాగులకు, ఇంజను భాగాలకు సంబంధించిన రీకాళ్లు అనేకం ఉన్నాయి. ఈ నెల మేము ఇంధన ట్యాంకుకు సంబంధించిన వాటి గురించి మాత్రమే మాట్లాడదలచాము. ఎందుకంటే, ఈ లోపం వల్ల ప్రమాదం వాటిల్లితే స్పందించేందుకు వ్యవధి బహు స్వల్పంగా ఉంటుంది. పైగా ఆ ట్యాంకుకు అతి సమీపంలో కూర్చునేది తరచుగా మన పిల్లలే.

2010 ఫిబ్రవరిలో మారుతీ సుజుకీ సంస్థ సుమారు 1,00,000 ఎ-స్టార్ కార్లను వెనక్కి పిలిచింది. 2009 ఆగస్టు 21కి ముందు తయారైన కార్లవి. ఇంధన ట్యాంకులో అమర్చే పెట్రోలు పంపు దగ్గరి గ్యాస్కెట్‌ను మార్చవలసి వచ్చింది. అది సరిగా బిగిసి ఉండకపోతే ఇంధనం బయటికి కారే అవకాశం ఉంది. మన దేశంలో అమ్ముడైన కార్లతో పాటు ఐరోపాకు ఎగుమతి అయిన కార్లు కూడా ఈ లెక్కలో ఉన్నాయి.

ఒక చిన్న గ్యాస్కెట్ కోసం లక్ష కార్లను పిలవాలా అని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. చాలా చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు వెనుక సీటు కిందనే ఉంటుంది. పంపును ట్యాంకు పై భాగంలోని రంధ్రం గుండా లోపలికి దించి, మధ్యన గ్యాస్కెట్ వేసి బిగిస్తారు. అక్కడ సందు ఏర్పడితే ద్రవంగా ఉన్న పెట్రోలు కారకపోయినా ఆవిరి వస్తుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది. అది పైకి పోయి చెదిరిపోకుండా నేలబారున, మూసి ఉన్న గదుల్లో, సీట్ల కింద నిలిచిపోతుంది. దానికి ఒక నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ వైరు నుంచి రావచ్చు, అగ్గిపుల్ల నుంచీ రావచ్చు.

రెండవ ఉదాహరణ 2014 ఏప్రిల్ నాటిది. అదే సంస్థ 1,03,311 స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కార్లను పిలిచింది. అవి 2013 నవంబరు 12 నుంచి 2014 ఫిబ్రవరి 4 మధ్య తయారైనవి. ఈసారి మార్చవలసింది ఇంధనం పోసే మూత దగ్గరి నుంచి ట్యాంకు వరకు వెళ్లే గొట్టం. బంకులో పంపు తనంతట తాను ఆగిపోయిన తరువాత కూడా పోయిస్తే ఇంధనపు వాసన రావచ్చునని, మరీ ఎక్కువైతే కారవచ్చునని సంస్థ తెలిపింది. "ఆగింది కదా, ఇంకో యాభై రూపాయలకు కొట్టు, లెక్క సరిపోతుంది" అనే మాట మన బంకుల్లో రోజూ వినిపించేదే. ట్యాంకులో కొంత ఖాళీ ఉంచడం అవసరం. ఎండకు ఇంధనం వ్యాకోచిస్తుంది. మన ప్రకాశం, గుంటూరు మైదానాల వేసవి ఎటువంటిదో పాఠకులకు చెప్పనక్కర లేదు. కనుక రీకాల్ ఉన్నా లేకున్నా, పంపు ఆగిన చోట ఆపివేయడమే క్షేమం.

ఇటువంటి పిలుపు వచ్చినప్పుడు యజమానులు ఎలా స్పందిస్తున్నారు? మాకు తెలిసినంతలో నాలుగు విధాలుగా. "బండి బాగానే నడుస్తోంది, ఎందుకు కెలకడం?" అనేవారు మొదటివారు. "ఇదంతా సర్వీసు సెంటరుకు రప్పించి బిల్లు వేసే ఎత్తు" అని అనుమానించేవారు రెండవవారు. "మిరప కోతలు ముగిశాక చూద్దాం, ఒంగోలు దాకా ఎవరు పోతారు?" అని వాయిదా వేసేవారు మూడవవారు. "ఈ సంగతి బయటికి పొక్కితే బండి ధర పడిపోతుంది" అని మౌనం వహించేవారు నాలుగవవారు.

మొదటివారికి మా మనవి ఇది. లోపం బయటపడే వరకు ప్రతి బండీ బాగానే నడుస్తుంది. పిలిచిన ప్రతి కారులోనూ లోపం ఉండకపోవచ్చు. పరీక్షించిన తరువాత సర్వీసు సెంటరువారే "మీ బండి బాగుంది" అని పంపివేయవచ్చు. అయితే ఆ మాట చెప్పవలసింది పరీక్షించినవారే. ఇక మూడవవారి సంగతి: కోతల కాలంలో తీరిక దొరకడం కష్టమేనని మేమూ ఎరుగుదుము. కానీ పెండ్లికి ఒంగోలు పోవడానికి, సరుకు ధర కనుక్కోవడానికి గుంటూరు యార్డుకు పోవడానికి దొరికే పూట దీనికి మాత్రం దొరకదా?

రెండవవారి అనుమానాన్ని మేము పూర్తిగా తప్పుపట్టలేము. కంపెనీలు తమ లాభాన్ని ప్రజల ప్రాణాలతో తూచిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. అమెరికాలో ఫోర్డు సంస్థ 1970లలో అమ్మిన పింటో కారుకు పెట్రోలు ట్యాంకు వెనుక ఇరుసుకూ బంపరుకూ మధ్య ఉండేది. వెనుక నుంచి మరో వాహనం ఢీకొంటే ట్యాంకు పగిలి మంటలు లేచేవి. 1973లో అదే సంస్థ ఉద్యోగులు తయారుచేసిన ఒక పత్రం తరువాత లోకప్రసిద్ధి పొందింది. వాహనాలు బోల్తాపడినప్పుడు ఇంధనం కారకుండా చేయడానికి బండికి 11 డాలర్లు ఖర్చవుతుందని అందులో రాశారు. మరణించే ఒక్కొక్క మనిషికి 2,00,000 డాలర్ల విలువ కట్టారు. ఆ విలువ ప్రభుత్వ సంస్థ వేసిన లెక్క నుంచి తీసుకున్నదే. రెండింటినీ పోల్చి, మార్పు చేయడం గిట్టుబాటు కాదని తేల్చారు. చివరకు 1978లో దాదాపు 15 లక్షల కార్లను వెనక్కి పిలవక తప్పలేదు. అప్పుడు చేసిన మరమ్మతు ఎంతటిది? ట్యాంకుకు అడ్డుగా ఒక ప్లాస్టిక్ కవచం, ఇంధనం పోసే గొట్టానికి మరికొంత పొడవు. అంతే.

కనుక కంపెనీని ప్రశ్నించడం వినియోగదారుని హక్కు. కానీ రీకాల్ పనికి కంపెనీ డబ్బు తీసుకోకూడదు. ఆ భాగం, ఆ కూలి రెండూ ఉచితం. దానితో పాటు ఇతర సర్వీసు చేస్తామంటే వద్దని చెప్పే స్వేచ్ఛ మనకుంది. అనుమానంతో ఇంట్లో కూర్చుంటే నష్టపోయేది మనమే.

చట్టం కూడా ఇప్పుడు కొంత మారింది. 2010 నాటికి మన దేశంలో రీకాల్‌కు ప్రత్యేక నియమమంటూ లేదు. 2012లో తయారీదారుల సంఘం స్వచ్ఛంద నియమావళిని ఏర్పరచుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఎ సెక్షనును చేర్చారు. వాహనంలోని లోపం నడిపేవారికి, ప్రయాణికులకు, రోడ్డుపై పోయే ఇతరులకు, పర్యావరణానికి హాని కలిగించేదై, నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు అందితే, ఆ వాహనాలను వెనక్కి పిలవాలని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం 10 లక్షల నుంచి 1 కోటి రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఫిర్యాదుల సంఖ్య. పెట్రోలు వాసన వచ్చినప్పుడు మెకానిక్కు చేత ఎం-సీల్ పూయించి ఊరుకుంటే వాసన తగ్గవచ్చు గాని, మన ఫిర్యాదు ఎవరి లెక్కలోకీ చేరదు. రెండవది, ఈ ఆదేశం 7 ఏళ్లలోపు వాహనాలకే వర్తిస్తుంది. మన ఊళ్లలో తిరిగే కార్లలో అనేకం ఆ వయసు దాటినవి. వాటి విషయంలో యజమాని స్వయంగా అడిగి తెలుసుకోవడమే దారి.

ఇక్కడే మా దర్శి వంటి పట్టణాలకు సంబంధించిన అసలు చిక్కు ఎదురవుతుంది. కంపెనీ పిలుపు సాధారణంగా తన పుస్తకాల్లో ఉన్న చిరునామాకు, ఫోను నంబరుకు పోతుంది. అది మొదటి కొనుగోలుదారుడిది. ఆ కారు గుంటూరులోనో, విజయవాడలోనో, హైదరాబాదులోనో కొన్నదై ఉంటుంది. అక్కడి నుంచి బ్రోకరు ద్వారా వినుకొండకు, వినుకొండ నుంచి దర్శికి, దర్శి నుంచి పొదిలికి చేతులు మారుతుంది. పత్తి డబ్బు చేతికి వచ్చిన ఏడు మనవారు కొనుక్కునేది ఎక్కువగా ఇటువంటి కారునే. పిలుపు ఒకరికి అందుతుంది, అపాయంలో మరొకరి పిల్లలు కూర్చుంటారు.

ఈ విషయమై ఇటీవల ఇద్దరు సోదరులు మమ్మల్ని వేరువేరుగా అడిగారు. "కంపెనీ పిలిచిన కారు నా దగ్గర ఉంది, ఇంకా చూపించలేదు. అమ్మేటప్పుడు కొనేవారికి ఆ మాట చెప్పాలా?" అన్నది ఒకరి ప్రశ్న. "కారు అమ్మి రెండేళ్లయింది. ఇప్పుడు కంపెనీ నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది. దానితో నాకేమి సంబంధం?" అన్నది రెండవవారి ప్రశ్న.

మొదటి ప్రశ్నకు సమాధానం మన బజారులోనే ఉంది. బస్తా అడుగున తాలు కాయలు పోసి, పైన ఎర్రని కాయలు పేర్చేవాణ్ణి మనం ఏమంటామో అందరికీ తెలుసు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారు ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. అలాంటప్పుడు ఆ తడిసిన దానిని జనానికి కనిపించేలా పైన ఉంచవలసిందని ఆయన (స) మందలించారు. తడవడం అతని నేరం కాదు, దాచడమే నేరమైంది. కారులోని లోపం కూడా యజమాని చేసినది కాదు. దాచితే మాత్రం అది అతని ఖాతాలో చేరుతుంది.

తెలియకుండా లోపమున్న సరుకు కొన్నవానికి దానిని తిరిగి ఇచ్చే హక్కును ఫిఖ్హ్ పండితులు గుర్తించారు. దానిని ఖియారె ఐబ్ అంటారు. "ఏ లోపానికీ నా పూచీ లేదు" అని ముందే షరతు పెట్టి అమ్మడం గురించి పండితుల మధ్య చర్చ ఉన్న మాట నిజమే. అయితే ఆ షరతును ఆసరా చేసుకుని, తనకు తెలిసిన ప్రాణాపాయాన్ని దాచివేయడం విశ్వాసికి తగని పని. పైగా ధర పడిపోతుందన్న భయం కూడా అర్థరహితమే. ఉచితంగా మరమ్మతు చేయించి, ఆ కాగితాన్ని బండి పత్రాలతో పాటు కొనేవారి చేతిలో పెడితే నమ్మకం పెరుగుతుందే గాని తరగదు.

రెండవ ప్రశ్న మరింత ముఖ్యమైనది. కారు మీది కాకపోవచ్చు. కానీ ఆ సందేశం మీ చేతికి వచ్చిన అమానతు. దారి తప్పి మన ఇంటికి వచ్చిన పొరుగువారి ఉత్తరాన్ని మనం చించివేయము కదా! అందులో వారి పిల్లల క్షేమం గురించి రాసి ఉందని తెలిసిన తరువాత ఎలా ఊరుకుంటాము? కొన్న సోదరునికి ఫోను చేయండి. అతడూ మరొకరికి అమ్మివేసి ఉంటే ఆ నంబరు అడగండి. మధ్యలో బ్రోకరు ఉంటే అతణ్ణి అడగండి. ఎవరూ దొరకనప్పుడు కంపెనీకి "ఈ కారు నా దగ్గర లేదు, ఫలానా వారికి ఇచ్చాను" అని తెలియజేయండి. కొన్నవారు మన మతస్థులా, మరొకరా అన్న విచారణ ఇక్కడ లేదు. హాని నుంచి తప్పించే మాట అందరికీ చెందుతుంది.

ఇక ప్రతి ఇంటా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఆర్.సి.లో ఛాసిస్ నంబరు ఉంటుంది. సాధారణంగా అది 17 అక్షరాలూ అంకెలూ కలిసినది. దానిని కంపెనీ వెబ్‌సైటులో నమోదు చేసినా, సర్వీసు సెంటరుకు ఫోనులో చెప్పినా, ఆ కారుకు మరమ్మతు బాకీ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. రీకాల్ లెక్క ఛాసిస్ నంబరును బట్టి ఉంటుంది. కనుక రెండవ యజమాని, మూడవ యజమాని కూడా నిస్సంకోచంగా అడగవచ్చు. అడిగేటప్పుడే తమ పేరు, ఫోను నంబరు నమోదు చేయించుకోవాలి. కారు కొన్న 30 రోజుల్లోగా ఆర్.సి.ని తమ పేరు మీదికి మార్పించుకోవాలని చట్టం చెబుతోంది. పన్నుకూ పూచీకూ జడిసి దానిని ఏళ్ల తరబడి వాయిదా వేసేవారు, తమకు అందవలసిన హెచ్చరికను కూడా తామే దారి మళ్లిస్తున్నారని గ్రహించాలి.

వెనుక సీటులో కూర్చునే సోదరీమణులకు ప్రత్యేకంగా ఒక మాట. పెట్రోలు వాసనను సాధారణంగా ముందుగా పసిగట్టేది మీరే. "నీకు అన్నీ వాసనలే" అని ఇంట్లోవారు కొట్టిపారేసినా ఊరుకోవద్దు. కారు ఆపించి, పిల్లలను దించి, దూరంగా నిలబడండి. ఇంజను ఆపివేయించండి. దగ్గరలో అగ్గిపుల్ల, సిగరెట్టు వెలగకుండా చూడండి. ఆ స్థితిలో బండిని మూసిన షెడ్డులో పెట్టించవద్దు.

అద్దెకు కార్లు తిప్పే సోదరుల బాధ్యత మరీ పెద్దది. పెండ్లివారిని, ఆసుపత్రికి పోయే రోగులను ఎక్కించుకుంటున్నారు. ఎక్కినవారు బండి సంగతి అడగరు, మీ మీద నమ్మకంతో కూర్చుంటారు.

ఈ నెలలో ఏదో ఒక జుమా నాడు, నమాజు తరువాత దొరికే కాసేపటిలో, మీ కారు ఆర్.సి. తీసి ఆ నంబరు చూపించి అడగండి. మీరు ఇదివరకు అమ్మిన కారు ఏదైనా ఉంటే, దాని సంగతీ అప్పుడే కనుక్కుని కొన్నవారికి కబురు చేయండి. అల్లాహ్ మన ఇండ్లనూ, మన దారులనూ, మన పొరుగువారి పిల్లలనూ కాపాడుగాక! ఆమీన్.