అడవి లెక్కలో చెట్టేది?

నంద్యాలనుండి గిద్దలూరునకు వచ్చు రైలుబండి దిగువమెట్ట మీదుగా నల్లమలను దాటును. వానకాలమున కిటికీలోనుండి చూచువారికి ఈ యడవికి కొరత యున్నదని తోచదు. కొండలన్నియు పచ్చగనే యుండును. మా సందేహమెల్ల ఆ పచ్చదనమును గూర్చియే.

భారత అటవీ సర్వేవారు 1987 మొదలు సుమారు రెండేండ్ల కొకసారి ఉపగ్రహచిత్రములను జూచి అడవుల విస్తీర్ణమును ప్రకటించుచున్నారు. హెక్టారు నేలలో చెట్లనీడ నూటికి పదిపాళ్లున్నచో నది అడవి కప్పుగా లెక్కకు వచ్చును; చెట్టేదైనను సరియే, నేల యెవరిదైనను సరియే. కావున మన చేలలోని జామాయిలు, సుబాబులు తోటలును, కొండమీది నల్లమద్దియు నొక్క పద్దుననే చేరుచున్నవి. మద్ది యెండి సర్కారుతుమ్మ ప్రబలినను అంకె తగ్గకపోవచ్చును.

తపసిచెట్టు సంగతి చూడుడు. వేసవిలో నాకులు రాల్చి, తెల్లని మొదలుతో రాళ్లనడుమ నిలుచు నీ చెట్టు చెంచులకు జీవనాధారము. దీని బంక మందులకును, తినుబండారములకును గాను విదేశములకు బోవును. 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ దీనిని కొనుచున్నది. పట్టను పలుచగ జెక్కి, గాయము మానువరకు నాగినచో చెట్టు బ్రదుకును. గొడ్డలితో లోపలి కర్రదాక నరికినచో కొన్నాళ్లు బంక విస్తారముగ వచ్చును, పిదప చెట్టే కూలును. ధర చాలనపుడు, తాను నరకకున్న మరియొకడు నరకునను భయమున్నపుడు, నిదానముగ జెక్కుమని చెంచునకు బోధించుట మనకు సులభమే! చెట్టు తనదన్న నమ్మకమున్నగదా వచ్చు యేటికై దానిని కాచును. 2006 నాటి అటవీహక్కుల చట్టము బంక మొదలగు ఫలసాయముపై నా హక్కును గుర్తించియే యున్నది.

ఎర్రచందనము కథ వేరు. తూర్పుకనుమల దక్షిణభాగమున దప్ప ఈ చెట్టు సహజముగ మరెక్కడను పెరుగదు. 1995 నుండి అంతర్జాతీయ ఒడంబడికచే దీని వ్యాపారము కట్టుబాటునకు లోబడియున్నది. దుంగలు పట్టుబడిన వార్త పత్రికల కెక్కును. నరికిన మోడునుండి మరల వచ్చిన పిలక వేసవిమంటలో మాడిన వార్త యే పత్రికకును ఎక్కదు. మా పత్రికయు నందులకు మినహాయింపు కాదు.

అటవీశాఖవారు చెట్లను జాతివారీగ లెక్కింపరని మేమనము. ప్రతి డివిజనునకును వ్రాయబడు కార్యప్రణాళికలో ఏ జాతి యెంత, మొలకలెన్ని యను లెక్క యుండును. అది ఆంగ్లమున నుండి, కచేరీ బీరువాలు దాటదు. గిద్దలూరు డివిజను లెక్కలను పాతలెక్కల ప్రక్కనుంచి, తెలుగున నచ్చొత్తించి, కంభము, గిద్దలూరు, మార్కాపురము గ్రంథాలయములకు పంపవలయునని కోరుచున్నాము. లెక్కకు బోవునపుడు చెంచుపెద్దలను వెంట దీసికొనిపోవలయును. ఏ లోయలో నే చెట్టు కరవైనదో వారు నోటనే చెప్పగలరు.