ఆమ్దానీ, నఫా: ఒక చిప్పుల కంపెనీ శాఖల లెక్క

పెద్ద కంపెనీల వార్షిక లెక్కలు పత్రికలలో వెలువడినప్పుడు మన విద్యార్థుల దృష్టి మొదట మొత్తము అమ్మకముల మీదనే నిలుస్తుంది. ఇన్ని వేల కోట్ల డాలర్లా అని ఆశ్చర్యపడి పుట తిప్పివేస్తారు. ఆమ్దానీ వేరు, నఫా వేరు అన్న సంగతి మన జగిత్యాల అంగళ్ళలో పద్దు వ్రాసుకొనే ప్రతివారికీ తెలిసినదే. ఇంత చదువుకున్న మనము కంప్యూటరు చిప్పుల కంపెనీ దగ్గరకు వచ్చేసరికి దానిని ఎందుకు మరచిపోతున్నామో మాకు బోధపడదు.

కంపెనీ ఒకటే అయినా దానిలో శాఖలు అనేకము. ఒక్కొక్క శాఖకు ఏటా ముఖ్యముగా రెండు అంకెలు ప్రకటిస్తారు: రాబడి, నిర్వహణ లాభము. అమ్మకముల నుండి తయారీ, పరిశోధన, జీతములు, ప్రచారము మొదలైన ఖర్చులు పోగా మిగిలినది నిర్వహణ లాభము. వడ్డీ, ఆదాయపు పన్ను ఇందులో చేరవు. సిరిసిల్లలో నాలుగు సాంచలు నడిపే ఆసామి, గుడ్డ నేసి ఇచ్చినందుకు చేతికి వచ్చిన మొత్తములో కూలి, కరెంటు బిల్లు, మరమ్మతులు పోగా ఏమి మిగిలిందని చూసుకునే లెక్క ఇటువంటిదే. సాంచలు కొన్న అప్పుపై వడ్డీ ఆ తరువాతి మాట.

ఈ రెండు అంకెలు ఎప్పుడూ కలిసి నడవవు. హైదరాబాదులోనూ ఇంజనీర్లున్న ఎ.ఎం.డి. కంపెనీ డేటా సెంటర్ శాఖను చూడండి. 2022లో దాని రాబడి సుమారు 600 కోట్ల డాలర్లు, నిర్వహణ లాభము 185 కోట్లు. 2023లో రాబడి 650 కోట్లకు పెరిగింది. లాభము మాత్రము 127 కోట్లకు దిగింది. 2024లో రాబడి 1,260 కోట్లు, లాభము 350 కోట్లు. 2023 రాబడిని మాత్రమే చదివినవాడు శాఖ బాగుపడిందనుకుంటాడు. ఆ ఏటి లాభమును మాత్రమే చదివినవాడు శాఖ చెడిందనుకుంటాడు. ఇద్దరూ తొందరపడినవారే.

ఇంతకంటె ఆలోచింపదగినది ఇంటెల్ కంపెనీలోని గ్రాఫిక్స్ శాఖ కథ. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన మన తెలుగువాడు రాజా కోడూరి 2021లో ఆ శాఖకు అధిపతి అయినారు. ఆ సంవత్సరము శాఖ రాబడి 77 కోట్ల 40 లక్షల డాలర్లు, నష్టము సుమారు 120 కోట్లు. 2022లో రాబడి 83 కోట్ల 70 లక్షలు కాగా నష్టము 170 కోట్లకు చేరినది. అనగా ఒక డాలరు సంపాదించుటకు మూడు డాలర్లు వెచ్చించినారు! దీనిని దుబారా అనుటకు మేము సిద్ధముగా లేము. కొత్త చిప్పు రూపకల్పనకు ఏండ్లు పట్టును. అమ్మకము మొదలు కాకముందే ఖర్చు మొదలగును. ఆ శాఖ వేసిన బాటలోనే 2024 డిసెంబరులో రెండవ తరపు గ్రాఫిక్స్ కార్డు వెలువడి పరీక్షకుల మెప్పు పొందినది.

మా అభ్యంతరము వేరొకటి. 2022 డిసెంబరులో ఆ శాఖను రెండుగా చీల్చి పెద్ద శాఖలలో కలుపుతున్నట్లు ప్రకటించినారు. 2023 నుండి దాని లాభనష్టములు విడిగా కనబడవు. నష్టము తీరిపోలేదు, లెక్కలో కనుమరుగైనది. శాఖ అనునది యాజమాన్యము గీసిన గీత. గీత జరిపినచో అంకె మారిపోవును.

అదే కంపెనీ 2024 నుండి తన కర్మాగారములను వేరు శాఖగా చూపసాగింది. ఆ ఏట వాటి రాబడి 1,750 కోట్ల డాలర్లు, నష్టము 1,340 కోట్లు. అయితే ఆ రాబడి దాదాపు అంతయు ఇంటెల్ లోని ఇతర శాఖలు చెల్లించినదే. ఒకే యజమాని తన సైజింగు షెడ్డు నుండి తన సాంచల షెడ్డుకు బీములు పంపి, ధర తానే వ్రాసుకొనుట వంటిది. ధర తక్కువ వ్రాస్తే మొదటి షెడ్డుకు నష్టము, ఎక్కువ వ్రాస్తే రెండవ దానికి. మార్కెటు ధరలనే అనుసరిస్తామని కంపెనీ వారి మాట. కావచ్చు.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2024 ఆగస్టులో అదే ఇంటెల్ తన ఉద్యోగులలో 15 శాతమునకు పైగా తగ్గిస్తానని ప్రకటించింది. మన పిల్లలు హైదరాబాదులో చిప్పుల రూపకల్పన కొలువులకు దరఖాస్తు పెట్టేటప్పుడు కంపెనీ పేరు చూస్తున్నారే గాని, తాము చేరబోయే శాఖ ఏ స్థితిలో ఉన్నదో విచారించుట లేదు. ఈ వార్షిక నివేదికలు ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును. కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము: బి.కాం. చివరి ఏడాదిలో వారమునకు ఒక గంట ఇందుకు కేటాయించండి. ఒక కంపెనీని, అందులో ఒక శాఖను, కనీసము మూడేండ్ల లెక్కలను విద్యార్థుల చేతనే చదివించండి. సైన్సు విద్యార్థులు కూడ వచ్చి కూర్చుంటామంటే కాదనకండి.