తలుపు తెరిచి పెట్టినోళ్లని వదిలేసి, చూపించినోళ్ల మీద కేసులా?



"ఆధార్ నంబర్ బయటపడితే ఏమవుతుందిరా? కొండమీదోళ్ల దగ్గర దోచుకోడానికి ఏముంది?" ముంచింగిపుట్టు సంతలో ఒక పెద్దమనిషి నాతో అన్న మాట ఇది. చదువుకున్నాయనే. అక్కడ జవాబు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తున్నాను.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల వివరాలు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఊరు, ఫోను. అంతేనా, కులం వారీగా, మతం వారీగా వెతుక్కోవచ్చు కూడా. ఎస్టీ ఇల్లు ఏ ఊర్లో ఉంది, వాళ్ల ఖాతా ఏ బ్యాంకులో ఉంది అన్నది కూర్చున్నచోటే దొరుకుతుందన్నమాట. 1/70 చట్టాన్ని తప్పించుకోడానికి గిరిజనుడి పేరు కోసం బినామీలు వెతుక్కునే ప్రాంతం మనది. ఇక్కడ అలాంటి జాబితా ఎవరి చేతికి పోతుందో నేను వేరే చెప్పాలా?

దాన్ని బయటపెట్టింది శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు. ఆయన తాళం పగలగొట్టలేదు. అసలు తాళమే లేదు. 2017 మేలోనే ఆయన, అంబర్ సిన్హా కలిసి సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున ఒక నివేదిక రాశారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల వల్ల దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని అంచనా వేశారు. ఆ నాలుగింట్లో రెండు మన రాష్ట్రానివే: ఒకటి చంద్రన్న బీమా, రెండోది ఉపాధి హామీ చెల్లింపుల పేజీ. ఉపాధి పనికి పోయే మన అమ్మల కూలి లెక్కలుండే పేజీ అది.

మరి పై నుంచి వచ్చిన జవాబేంటి? హ్యాకింగ్ చేసిందెవరో చెప్పమని యూఐడీఏఐ ఆ సంస్థకే లేఖ రాసింది. 2018 జనవరిలో 500 రూపాయలకే ఆధార్ వివరాలు అమ్ముతున్నారని ట్రిబ్యూన్ పత్రికలో రాసిన విలేకరి పేరు ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కింది. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద దురుద్దేశంతో కంప్యూటర్లోకి చొరబడితే మూడేళ్ల దాకా జైలు. మంచి మనసుతో లోపం చూపించినవాడికి అందులో విడిగా రక్షణ ఏమీ రాయలేదు. నీ ఉద్దేశం మంచిదని తేలేది కోర్టులో. అప్పటిదాకా తిరుగు స్టేషన్ చుట్టూ!

అదే ఏడాది జూలైలో ట్రాయ్ చైర్మన్ ఆర్.ఎస్. శర్మ తన ఆధార్ నంబర్ ట్విట్టర్‌లో పెట్టి, చేతనైతే నాకు హాని చేయండని సవాలు విసిరారు. ఆయనకి ఏమైనా అయితే బ్యాంకు మేనేజరే ఫోన్ చేస్తాడు. మన అవ్వకి ఎవరు చేస్తారు?

ఇప్పుడు మన సంగతి. మనలో ఇంజినీరింగ్ చేసినవాళ్లున్నారు, సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లున్నారు, వేలిముద్ర మిషన్ పట్టుకుని ఊళ్లు తిరిగే తమ్ముళ్లున్నారు. కంప్యూటర్ భద్రత అంటే బెంగళూరు ఉద్యోగం అనుకోకండి, మీరు చేసేది కూడా అదే. ఆ వృత్తిలో నిజాయితీ ఉన్నవాళ్లకి ఒక పద్ధతి ఉంది. లోపం కనిపిస్తే ముందు ఆ శాఖకి, సెర్ట్-ఇన్‌కి రాతపూర్వకంగా చెప్తారు. సరిచేసుకోడానికి గడువు ఇస్తారు. రుజువుకి కావలసినంతే తీసుకుంటారు, జనం పేర్లు, నంబర్లు కొట్టేసి చూపిస్తారు. అప్పటికీ కదలకపోతే జనం ముందు పెడతారు.

మనమేం చేస్తున్నాం? "లిస్టు వచ్చింది, మీ పేరు చూసుకోండి" అని ఫోన్ నంబర్లతో సహా పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నాం. నేనూ పంపాను, ఒప్పుకుంటున్నాను. "సర్వర్ పోయింది, మళ్లీ వేలు పెట్టు అవ్వా" అని రెండోసారి ముద్ర తీసుకుని మొదటిసారి పడిన డబ్బు జేబులో వేసుకునేవాడు మనోడైనా సరే, వాడు దొంగే. రసీదు తెలుగులో చదివి వినిపించకుండా వేలు పెట్టించొద్దు.

వేలిముద్రకి తాళం వేసుకోవచ్చని యూఐడీఏఐ చెప్తుంది. నిజమే, దానికి ఆధార్‌తో కలిపిన ఫోను ఉండాలి, ఓటీపీ రావాలి. ఓటీపీ కోసం మేం గుట్ట ఎక్కుతాం. ఫోనే లేని అవ్వ ఎక్కడికి ఎక్కాలి? వచ్చే గ్రామసభలో ఇదే అడుగుదాం. మా వివరాలు ఏ వెబ్‌సైట్‌లో పెట్టారు, ఎవరెవరు చూస్తున్నారు, బయటపడితే జవాబు చెప్పే అధికారి ఎవరు? తీర్మానం పుస్తకంలో రాయించి, ఒక కాపీ మనం తెచ్చుకుందాం.