రాళ్లను కాపాడాం, మనుషుల్ని వదిలేశాం

స్విట్జర్లాండ్ దక్షిణాన ఇటాలియన్ మాట్లాడే తిచీనో రాష్ట్రం ఉంది. అక్కడి వెర్జాస్కా లోయలో, కొండవాలు మీద కొరిప్పో అనే ఊరు. జనాభాలో దేశంలోకెల్లా అతి చిన్న మున్సిపాలిటీగా పేరుపడి, 2020 అక్టోబరు 18న లోయలోని ఊళ్లతో కలిసి వెర్జాస్కా అనే కొత్త మున్సిపాలిటీలో విలీనమైపోయింది. ఇందుకు అధికారులను తిట్టడం తేలిక. కానీ తప్పు మనది. పల్లెల అందం చూసి మురిసి, ఫొటోలు తీసుకుని, వ్యాసాలు రాసి ఇంటికి తిరిగొచ్చే మనందరిదీ.

19వ శతాబ్దం మధ్యలో కొరిప్పోలో దాదాపు 300 మంది ఉండేవారు. నిటారు కొండల్లో సాగుకు పనికొచ్చే నేల తక్కువ. చలికాలంలో లోయ జనం పశువులను తోలుకుని మగదీనో మైదానానికి దిగేవారు. పేదింటి మగపిల్లలు పొగగొట్టాల మసి దులిపే పనికి మిలాన్ దాకా పోయేవారు. కాలిఫోర్నియాకో, ఆస్ట్రేలియాకో వెళ్లినవాళ్లూ ఎందరో. ఆ వలసలను మనం సాహసగాథలుగా చెప్పుకున్నాం. ఉన్నచోట తిండి దొరకక పోయారన్న మాటను మాత్రం దాటవేశాం. 2000 నాటి జనాభా లెక్కల్లో మిగిలింది 22 మంది.

1965 నాటికి లోయ ముఖద్వారంలో 220 మీటర్ల ఎత్తున ఆనకట్ట లేచింది. కరెంటు వచ్చింది. 1995లో జేమ్స్ బాండ్ సినిమాలో ఆ ఆనకట్ట మీది నుంచి దూకిన దృశ్యం చూశాక, తామూ దూకాలని జనం ఎగబడ్డారు. లోయ నుంచి మనం వెలుగూ తీసుకున్నాం, వినోదమూ తీసుకున్నాం. అక్కడివాళ్లకు ఏడాది పొడవునా చేతినిండా పని ఉందా అని అడగలేదు.

ఊరిని నిలబెట్టాలని 1975లో కొరిప్పో ఫౌండేషన్ ఏర్పడింది. రాతి గోడలనూ పలక రాళ్ల కప్పులనూ కాపాడటం మంచి పనే. మన మెప్పు ఆ రాళ్ల దగ్గరే ఆగిపోవడం మన తప్పు. జనం తగ్గేకొద్దీ మనకు వార్త పెద్దదైంది. జబ్బు లక్షణాన్ని వింతగా ప్రచారం చేశాం.

పట్టుమని పాతికమంది కూడా లేని చోట పాలకవర్గానికి మనుషులెక్కడ? నీళ్లు, దారి, పద్దులు చూసుకునేదెవరు? విలీనం అన్యాయం కాదు, అప్పటికి మిగిలిన దారి అదొక్కటే. ఊరిని అక్కడిదాకా రానిచ్చిన మన ఉపేక్షే అన్యాయం.

2022లో ఊళ్లోని పాత ఇళ్లనే గదులుగా మార్చి హోటల్ తెరిచారు. సంతోషం. కానీ రెండు రాత్రులుండి వెళ్లే అతిథి ఆ ఊళ్లో ఓటు వేయడు, బిడ్డల్ని పెంచడు. ఇకమీదట ఏ చిన్న ఊరిని పొగడబోయినా ముందు ఒకటి అడుగుదాం: పాతికేళ్ల మనిషి ఇక్కడ ఏ పని చేసుకుని సంసారం నడపగలడు? దానికి జవాబు వెతకనంత కాలం, పల్లెలంటే మాకు ప్రేమ అని చెప్పుకునే అర్హత మనకు లేదు.